ఎనభై రెండు గ్రాములు

మా కొట్లో తూకం ఉండేది కాదు.
మా పనికుర్రాడు ఎఫీసియో తెచ్చిపెట్టాడు,
వేలెడంత గాజులో అంకెలు వెలిగేది.
"ఇప్పుడందరూ గ్రాముల్లో అడుగుతున్నారు పెద్దయ్యా."
నిజమే, అడుగుతున్నారు.
ఓడ దిగి సార్డీనియా కొండలెక్కి వచ్చే కుర్రకారు
కత్తిని ముట్టకముందే అంకె అడుగుతారు.
నలభై దాటితే పెదవి విరుస్తారు.
రెండో జేబులో పావుకిలో ఫోను.
దాన్నెవరూ తూచమనరు.

నలభై ఒక్క ఏళ్ళుగా
పొట్టేలు కొమ్ముతో పిడులు చేస్తున్నాను.
పచ్చి కొమ్ముది ఒక బరువు,
రెండు వేసవులు అటకమీద ఆరినదానిది ఇంకొకటి.
గురిగింజ ఎత్తు తేడా అయినా
నా బొటనవేలికి ముందు తెలుస్తుంది,
ఆ గాజుకి తర్వాత.

మే నెలలో, ఉన్ని కోతలప్పుడు
ఆంతియోకా వచ్చింది, చేతులకింకా గొర్రె జిడ్డు.
"తేలికది ఇవ్వు.
ఈ జేబు మూడుసార్లు కుట్టాను.
నడుం ఒకవైపు లాగుతోంది,
కొండ ఇంకోవైపు లాగుతోంది."

ముప్పై నాలుగు గ్రాములది ఇచ్చాను,
జూనిపర్ కర్ర పిడి, సన్నటి అలుగు.
అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసి
"పెట్టావా?" అంది.
ఇద్దరం నవ్వాం. డబ్బిచ్చి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో మళ్ళీ గుమ్మంలో.
"పోయింది."
ఎప్పుడు?
"తెలిస్తే పోతుందా?
జున్ను కోద్దామని చెయ్యి పెడితే
జేబు ఒక్కటే దొరికింది.
ఆ రోజు పోయిందో, ఆ నెల పోయిందో."

ఉన్నట్టు తెలియనిది పోయినట్టూ తెలియదు,
అన్నాడు ఎఫీసియో, గోడమీద రాసి పెడదామన్నాడు.
వద్దన్నాను.
బరువు కత్తులు పారేసుకున్నవాళ్ళ పేర్లు కూడా
నా పద్దు పుస్తకం నిండా ఉన్నాయి.

ఇత్తడి పట్టీలది తీశాను, నూట యాభై.
"ఇది పట్టుకుంటే
ఎవరితోనో తగువుకి పోతున్నట్టుంది" అని తోసేసింది.
తర్వాతది కొమ్ము పిడి.
తెరిచింది. మూసింది. టక్కుమంది.
మళ్ళీ తెరిచి, కీలు దగ్గర ఒక్క వేలిమీద నిలబెట్టింది.
అలుగు గాలిలో తలవంచలేదు,
పిడి నెమ్మదిగా ఆమె మణికట్టువైపు ఒరిగింది.
తూకమేమో ఎనభై రెండంది.
ఆ ఎనభై రెండూ ఎక్కడ కూర్చున్నాయో
అది చెప్పలేదు.

"మరి జేబు?" అంది ఆంతియోకా.
"జేబులో ఇంకేముంది?" అన్నాడు ఎఫీసియో.
గాజు మీద గుమ్మరించింది:
మూడేళ్ళ క్రితం అమ్మేసిన వ్యాను తాళంచెవి,
ఏ తాళానిదో తెలియని ఇంకో చెవి,
గొర్రె గంట నాలుక,
గుర్రపు లాడం మేకు, ముడులు పడ్డ పురికొస,
ఇప్పుడెక్కడా చెల్లని లీరా నాణెం ఒకటి.
నూట పదిహేడు.
ఆ అంకెని ఆమె చాలాసేపు చూసింది,
ఎవరో తన వయసు చెప్పినట్టు.

గంట నాలుక వెనక్కి తీసుకుంది. పురికొసా తీసుకుంది.
మేకు, తెలియని తాళంచెవి చెత్తడబ్బాలోకి.
వ్యాను తాళంచెవి మాత్రం బల్లమీద నావైపు జరిపి
"ఉంచు" అంది.

ఈసారి కత్తికి డబ్బు వద్దన్నాను.
ఊరికే ఇచ్చిన కత్తి చెలిమిని కోస్తుందని
మా అమ్మ అనేది. ఆంతియోకా వాళ్ళమ్మ కూడా అనే ఉంటుంది.
చెల్లని ఆ నాణెమే నా చేతిలో పెట్టింది.
తూకం మీద వేశాను.
ఆరుకీ ఏడుకీ మధ్య కాసేపు ఊగి
ఏడు దగ్గర ఆగింది.

ఆమె దారి కిటికీలోంచి కనిపిస్తుంది.
నీళ్ళ కొళాయి మలుపు దగ్గర
జేబు ఒకసారి తడుముకుంది.
రెండోసారి తడుముకోలేదు.

వ్యాను తాళంచెవి మేకుకి తగిలించాను.
ఎఫీసియో దాన్ని తీసి తూచాడు,
అంకె పైకి చదివాడు.
నేను ఆకురాయి మీద నీళ్ళు చల్లుతున్నాను,
వినలేదు.